ఒకే స్ట్రాట్, ఐదు దేశాలు: 20 వేల గిటార్‌కీ 2 లక్షల గిటార్‌కీ అసలు తేడా ఎక్కడుంది?

ఫోన్ కొనేటప్పుడు బాక్స్ వెనక్కి తిప్పి ఎక్కడ తయారైందో చూడటం మనం ఎప్పుడో మానేశాం. 2015లో షావోమీ ఫోన్లు మన శ్రీసిటీలో అసెంబుల్ అవడం మొదలైనప్పుడు కెమెరా ఏమీ మారలేదు, బ్యాటరీ ఏమీ తగ్గలేదు. ప్రాసెసర్ ఏంటి, డిస్‌ప్లే ఏంటి, అంతే. దేశం గొడవ ఎవరికీ పట్టలేదు.

ఎలక్ట్రిక్ గిటార్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం లెక్క మారిపోతుంది. ఇక్కడ దేశం పేరే ఒక స్పెక్. "బ్రో, అది మెక్సికన్", "ఇది మేడ్ ఇన్ జపాన్, అమ్మకు" అని గిటార్ వాళ్లు మాట్లాడుకోవడం వింటే పాస్‌పోర్ట్ ఆఫీసులో ఉన్నట్టు ఉంటుంది. ఆకారం ఒకటే, మూడు పికప్‌లు, ఐదు పొజిషన్ల స్విచ్, చివరికి స్ట్రింగ్ పొడవు కూడా 648 మిల్లీమీటర్లే. కానీ ఒకదాని ధర 20 వేల చుట్టూ, ఇంకోదాని ధర 2 లక్షలకు అటూ ఇటూ. పది రెట్లు! ఆ పది రెట్లలో ఎంత చెక్కకి, ఎంత పనితనానికి, ఎంత జెండాకి పోతోందో ఈ రివ్యూలో విప్పి చూద్దాం.

టెస్ట్ కేస్‌గా ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌ని తీసుకుంటున్నా. కారణం సింపుల్. 1954లో వచ్చిన ఈ డిజైన్ ఇప్పటికీ దాదాపు అలాగే ఉంది, పైగా అదే కంపెనీ దాన్ని చాలా దేశాల్లో, చాలా ధరల్లో తయారు చేయిస్తోంది. ఏ/బీ టెస్టింగ్‌కి ఇంతకంటే మంచి శాంపిల్ దొరకదు.

ముందు మ్యాప్ చూద్దాం

అమెరికన్ ఫెండర్లు కాలిఫోర్నియాలోని కరోనా అనే ఊళ్లో తయారవుతాయి. అవును, ఊరి పేరే అది, వైరస్ కంటే చాలా ముందు నుంచీ ఉంది. మెక్సికన్ ఫెండర్లు ఎన్సెనాడా నుంచి వస్తాయి. ఈ రెండు ఫ్యాక్టరీల మధ్య దూరం ఇంచుమించు హైదరాబాద్ నుంచి విజయవాడ అంత. మధ్యలో ఒక అంతర్జాతీయ సరిహద్దు, దాని రెండు వైపులా చాలా తేడా ఉన్న జీతాలు. ఎన్సెనాడా ప్లాంట్ 1987లో మొదలైంది, కాబట్టి "మెక్సికన్ అంటే కొత్త ప్రయోగం" అనుకునే రోజులు ఎప్పుడో పోయాయి.

జపాన్‌లో తయారయ్యే ఫెండర్లు ఎక్కువగా అక్కడి మార్కెట్ కోసమే. మన షాపుల్లో అరుదు. ఇక స్క్వైర్ అనేది ఫెండర్ వాళ్లదే చవక బ్రాండ్. షావోమీకి రెడ్‌మీ ఎలాగో అలా. స్క్వైర్ గిటార్లు ఇప్పుడు ఇండోనేషియా, చైనాల నుంచి వస్తున్నాయి.

ధరల విషయానికొస్తే, డాలర్లలో లాంచ్ ధరలు చెబితే పోలిక తేలిక. 2023లో స్క్వైర్ సోనిక్ స్ట్రాట్ 199.99 డాలర్లకు వచ్చింది. 2024లో మెక్సికోలో తయారైన ప్లేయర్ 2 స్ట్రాట్ 799.99 డాలర్లకు వచ్చింది. అమెరికన్ ప్రొఫెషనల్ 2 దానికి సుమారు రెట్టింపు. ఇక 2025లో ఫెండర్ ఒక పెద్ద ప్రయోగం చేసింది. ఇండోనేషియాలో తయారైన గిటార్‌కి స్క్వైర్ అని కాకుండా ఫెండర్ లోగోనే వేసి, స్టాండర్డ్ సిరీస్ అని పేరు పెట్టి, 599.99 డాలర్లకు వదిలింది. దీని గురించి నాకు కొంచెం కంప్లయింట్ ఉంది, తర్వాత చెప్తా.

మన దగ్గరికి వచ్చేసరికి ఈ ధరల మీద కస్టమ్స్ డ్యూటీ, షిప్పింగ్, డిస్ట్రిబ్యూటర్ మార్జిన్, 18 శాతం జీఎస్టీ పడతాయి. అందుకే డాలర్ ధరని రూపాయల్లోకి మార్చుకుని షాపుకి వెళ్తే అక్కడ ట్యాగ్ చూసి గుండె ఒక్క క్షణం ఆగుతుంది. ప్లేయర్ 2 లక్షకు దగ్గరగా, క్లాసిక్ వైబ్ అనే పై రకం స్క్వైర్ దానిలో సగం చుట్టూ, సోనిక్ 20 వేల చుట్టూ. ఆఫర్లను బట్టి అటూ ఇటూ ఉంటాయి.

డబ్బు ఎక్కడికి పోతోంది?

ఫోన్ టియర్‌డౌన్‌లో బిల్ ఆఫ్ మెటీరియల్స్ చూస్తాం కదా, గిటార్‌ని కూడా అలాగే విప్పుదాం.

చాలామంది మొదట చెక్క గురించి అడుగుతారు. సోనిక్, అఫినిటీల్లో పోప్లర్, ప్లేయర్ 2లో ఆల్డర్. నా ఉద్దేశంలో ఎలక్ట్రిక్ గిటార్‌లో ఇది అందరూ ఎక్కువగా కొట్టుకునే, కొనేవాడికి తక్కువగా పనికొచ్చే టాపిక్. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ సన్నటి రాగి తీగ చుట్టిన కాయిల్. స్టీల్ స్ట్రింగ్ ఆ అయస్కాంత క్షేత్రంలో ఊగితే కాయిల్‌లో కరెంట్ పుడుతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన ఫారడే సూత్రమే. బాడీ చెక్క ఆ సర్క్యూట్‌లో లేదు. దాని ప్రభావం అసలు సున్నా అనను గానీ, పికప్, ఆంప్, స్పీకర్ మార్చినప్పుడు వచ్చే తేడా ముందు అది నిలబడదు.

అసలు డబ్బంతా మనిషి చేతి గంటల్లో ఉంటుంది. ముఖ్యంగా ఫ్రెట్ల దగ్గర. నెక్ మీద 21 లేదా 22 లోహపు కడ్డీలు ఉంటాయి. వాటిని చెక్క గాడిలో దిగ్గొట్టడం మెషీన్ చేస్తుంది. తర్వాత అన్నింటినీ ఒకే ఎత్తుకి తేవాలి, ఒక్కోదాని పైభాగం గుండ్రంగా చేయాలి, రెండు చివర్లూ ఆకురాయితో అరగదీయాలి, చివరికి పాలిష్ పట్టాలి. ఇక్కడ పది నిమిషాలు పెట్టారా, గంట పెట్టారా అన్నది మీ ఎడమ చేతికి మొదటి సెకనులోనే తెలిసిపోతుంది. చవక గిటార్ నెక్ అంచు వెంట వేలు జారిస్తే రంపం పళ్లలా గుచ్చుకుంటుంది.

దీనికి మన వాతావరణం ఇంకో మలుపు. ఇండోనేషియాలో తేమ ఎక్కువ. అక్కడ ఫినిష్ అయిన నెక్ మే నెలలో కర్నూలుకో అనంతపురానికో వస్తే చెక్క ఎండి కొద్దిగా కుంచించుకుపోతుంది. లోహం కుంచించుకోదు. దాంతో ఫ్యాక్టరీలో నున్నగా ఉన్న ఫ్రెట్ చివర్లు ఇక్కడ బయటికి పొడుచుకొస్తాయి. అదే గిటార్ విశాఖలో ఉంటే ఈ సమస్య తక్కువ. కాబట్టి "ఇండోనేషియా గిటార్ ఫ్రెట్లు గరుకు" అని ఆన్‌లైన్‌లో ఎవరో చెప్పిన మాటలో సగం ఫ్యాక్టరీ తప్పయితే సగం ఎండ తప్పు. లూథియర్ దగ్గరికి తీసుకెళ్తే గంట, గంటన్నర పని.

మిగతావి పార్టులు. చవక స్ట్రాట్‌లో పికప్‌లు సాధారణంగా సెరామిక్ అయస్కాంతంతో ఉంటాయి. ఖరీదైన వాటిలో ఆల్నికో, అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపిన కడ్డీలు. సెరామిక్ చెడ్డదేం కాదు, కొంచెం కటువుగా ముందుకొస్తుంది. వాల్యూమ్ నాబ్ కింద ఉండే పొటెన్షియోమీటర్లు చవక వాటిలో చిన్నవి, తిప్పుతుంటే సగం దాకా ఏమీ జరగదు, తర్వాత ఒక్కసారిగా సౌండ్ పడిపోతుంది. ట్రెమొలో కింద ఉండే లోహపు దిమ్మ చవకవాటిలో పల్చటి జింక్, పై వాటిలో నిండైన స్టీల్. నట్, అంటే నెక్ చివర స్ట్రింగ్‌లు కూర్చునే చిన్న ముక్క, ప్లాస్టిక్‌దా ఎముకదా, గాడులు సరిగ్గా కోశారా లేదా అన్నదాన్ని బట్టి ట్యూనింగ్ నిలుస్తుంది.

ఇవన్నీ ల్యాప్‌టాప్‌లో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ లాంటివి, తర్వాత మార్చుకోవచ్చు. నెక్, ఫ్రెట్లు మాత్రం డిస్‌ప్లే ప్యానెల్ లాంటివి. అక్కడ రాజీ పడితే రోజూ బాధే.

ఇప్పుడు నా కంప్లయింట్. ఆ 599.99 డాలర్ల ఫెండర్ స్టాండర్డ్‌లో ఉన్నవి పోప్లర్ బాడీ, సెరామిక్ పికప్‌లు. దానికంటే తక్కువ ధరకి, అదే ఇండోనేషియాలో తయారయ్యే స్క్వైర్ క్లాసిక్ వైబ్‌లో ఆల్నికో పికప్‌లు, ఎముక నట్ ఉన్నాయి. హెడ్‌స్టాక్ మీద ఆరు అక్షరాల లోగో కోసం ఎక్కువ కట్టి స్పెక్ తగ్గించుకోవడం అంటే నాకు మింగుడు పడలేదు. మళ్లీ అమ్మేటప్పుడు ఫెండర్ అన్న పేరు పనికొస్తుంది కదా అంటారా, అది మాత్రం నిజం.

జపాన్ కథ తెలిస్తే సగం డౌట్లు తీరతాయి

"అమెరికన్ ఒరిజినల్, మిగతావి కాపీలు" అనే మాట వినగానే నాకు 1985 గుర్తొస్తుంది. 1965లో సీబీఎస్ కంపెనీ ఫెండర్‌ని 13 మిలియన్ డాలర్లకు కొంది. ఆ తర్వాత ఏళ్లలో క్వాలిటీ పడిపోయిందని అందరూ ఒప్పుకునే మాటే. 1970ల్లో జపాన్ కంపెనీలు అమెరికన్ గిటార్లను కాపీ కొట్టడం మొదలుపెట్టి, కొట్టీ కొట్టీ అసలు దానికంటే బాగా చేయడం నేర్చుకున్నాయి. ఎంతదాకా వెళ్లిందంటే, 1977లో గిబ్సన్ మాతృసంస్థ నార్లిన్, ఐబనేజ్ అమెరికా డిస్ట్రిబ్యూటర్ మీద హెడ్‌స్టాక్ ఆకారం విషయంలో కోర్టుకెక్కింది.

ఫెండర్ ఇంకో దారి పట్టింది. ఓడించలేకపోతే కలుపుకుపో అన్నట్టు 1982లో ఫెండర్ జపాన్ పెట్టి, మత్సుమోటోలోని ఫుజిగెన్ ఫ్యాక్టరీతో గిటార్లు చేయించింది. స్క్వైర్ బ్రాండ్ గిటార్ల మీదకి ఎక్కింది కూడా అప్పుడే. జేవీ అనే సీరియల్ నంబర్లతో వచ్చిన ఆ చవక స్క్వైర్‌లను ఇప్పుడు కలెక్టర్లు వెతుక్కుని మరీ కొంటున్నారు. 1985లో బిల్ షుల్ట్జ్ నాయకత్వంలో ఉద్యోగులు సీబీఎస్ నుంచి కంపెనీని కొనుక్కున్నప్పుడు ఆ డీల్‌లో ఫుల్లర్టన్‌లోని పాత ఫ్యాక్టరీ లేదు. కరోనాలో కొత్తది నిలదొక్కుకునేదాకా ఫెండర్ అమ్మినవాటిలో ఎక్కువ భాగం జపాన్‌లో చేసినవే. అంటే అమెరికన్ ఫెండర్‌ని బతికించింది జపనీస్ ఫెండర్!

అదే ఏడాది ప్లాజా ఒప్పందం జరిగింది. కొన్నేళ్లలోనే డాలర్‌తో యెన్ విలువ దాదాపు రెట్టింపైంది. దాంతో జపాన్ గిటార్ చవక కాకుండా పోయింది. పని కొరియాకి కదిలింది. అక్కడ జీతాలు పెరిగాక చైనాకి, ఇండోనేషియాకి. గిటార్ మీద దేశం పేరు మారడం వెనక చెక్కల కథ కంటే జీతాల కథ, కరెన్సీ కథ ఎక్కువ.

ఆ కదలిక అందరికీ సాఫీగా జరగలేదు. కొరియా కంపెనీ కోర్ట్ 1990ల్లోనే ఇండోనేషియాలోని సురబయాలో ఫ్యాక్టరీ పెట్టింది. 2007లో కొరియాలోని తన ఇంచియాన్, దేజాన్ ఫ్యాక్టరీల్లో కార్మికులను తీసేసి, మూసేసింది. ఉద్యోగం పోయినవాళ్లు ధర్నాలు, నిరాహార దీక్షలు, కోర్టు కేసులతో 2019లో ఒప్పందం కుదిరేదాకా, పన్నెండేళ్లు పోరాడారు. సురబయాలోని ఆ కోర్ట్ ఫ్యాక్టరీయే ఇప్పుడు స్క్వైర్‌కీ, ఐబనేజ్‌కీ, పీఆర్‌ఎస్ ఎస్‌ఈకీ గిటార్లు చేస్తోంది. మన చేతిలో 30 వేల గిటార్ ఇంత బాగుంటోందంటే ఆ తక్కువ ధరకి ఎవరెవరు ఎంత కట్టారో అందులో ఇది కూడా ఉంది. లేఆఫ్ మెయిల్స్ చూస్తున్న ఐటీ వాళ్లకి ఇది కొత్త కథలా అనిపించకపోవచ్చు.

మన అడవి కూడా ఇందులో ఉంది

ఒక సరదా విషయం. చవక గిటార్ల స్పెక్ షీట్‌లో ఫింగర్‌బోర్డ్ దగ్గర "ఇండియన్ లారెల్" అని ఉంటుంది చూడండి. అదేదో ఫారిన్ చెట్టు అనుకునేరు, అది మన నల్లమద్ది! రోజ్‌వుడ్ అంటే మన జిట్రేగి. 2017 జనవరి నుంచి రోజ్‌వుడ్ జాతులన్నింటి అంతర్జాతీయ వ్యాపారం మీద సైటిస్ నిబంధనలు వచ్చాయి. దేశం దాటే ప్రతి గిటార్‌కీ పర్మిట్ కాగితాలు. దాంతో ఫెండర్ మెక్సికన్ మోడల్స్‌ని పావ్ ఫెర్రో అనే చెక్కకి మార్చింది, స్క్వైర్‌లు నల్లమద్దికి వెళ్లాయి. 2019 చివర్లో తయారైన వాయిద్యాలకు మినహాయింపు వచ్చింది. ప్లేయర్ 2తో మెక్సికోకి రోజ్‌వుడ్ తిరిగొచ్చింది, చవకవాటిలో నల్లమద్దే ఉండిపోయింది. వాయించేటప్పుడు తేడా? నాకైతే రంగు తప్ప ఏమీ తెలియలేదు.

షాపులో కళ్లు మూసుకుని

మా టీమ్‌లో ఒక జూనియర్‌కి మొదటి బోనస్ వచ్చింది. "అన్నా, ప్లేయర్ తీసుకోనా, ఈఎంఐ పెట్టి అమెరికన్‌కి వెళ్లిపోనా?" అని అడిగాడు. మాటలతో తేలేది కాదని హైదరాబాద్‌లో ఒక షాపుకి తీసుకెళ్లా. ఒకే ఆంప్, ఒకే కేబుల్. అఫినిటీ, క్లాసిక్ వైబ్, ప్లేయర్ 2, అమెరికన్ ప్రొఫెషనల్ 2, నాలుగూ వరసగా పెట్టించాం. వాడు కళ్లు మూసుకున్నాడు, నేను ఒక్కొక్కటీ చేతికిచ్చా.

అఫినిటీని మూడు సెకన్లలో పట్టేశాడు, ఫ్రెట్ అంచులు చెప్పేశాయి. డిస్టార్షన్ ఆన్ చేశాక మిగతా మూడింటిలో ఏది ఏదో చెప్పలేకపోయాడు; రెండుసార్లు ఇండోనేషియాని మెక్సికో అన్నాడు. క్లీన్ టోన్ పెట్టి వాల్యూమ్ సగానికి తగ్గించినప్పుడు మాత్రం అమెరికన్ తేడా బయటపడింది. వాల్యూమ్ తగ్గించినా మెరుపు పోలేదు. దాంట్లో ట్రెబుల్ బ్లీడ్ అనే చిన్న సర్క్యూట్ ఉంటుంది, అందుకు. ఒక కెపాసిటర్, ఒక రెసిస్టర్. టంకం పెట్టడం వచ్చినవాళ్లకి వంద రూపాయల పని. నెక్ అంచులు అరిగినట్టు గుండ్రంగా ఉండటం ఒకప్పుడు అమెరికన్ స్పెషల్, ఇప్పుడు ప్లేయర్ 2కీ వచ్చేసింది. ఫ్లాగ్‌షిప్ ఫీచర్లు మిడ్‌రేంజ్‌కి దిగినట్టే.

వాడు ప్లేయర్ 2 తీసుకున్నాడు, మిగిలిన దాంట్లో ఆంప్ కొన్నాడు. నలుగురిలో ఒక్కడి చెవి, ఒక్క సాయంత్రం. దీన్ని ల్యాబ్ టెస్ట్ అనట్లేదు. కానీ 80 వేల తేడాకి 80 వేల తేడా వినిపించలేదు.

లెస్ పాల్ దగ్గర ఈ లెక్క పనిచేయదు

స్ట్రాట్‌లో చవకది ఖరీదైనదానికి ఇంత దగ్గరగా రావడానికి కారణం లియో ఫెండర్ డిజైనే. ఆయన మొదటి నుంచీ ఫ్యాక్టరీ లైన్ కోసమే గీశాడు. బాడీ ఒక పలక, నెక్ ఇంకో ముక్క, నాలుగు స్క్రూలతో బిగింపు. సీఎన్‌సీ మెషీన్‌కి ఇది ఇష్టమైన పని, మెషీన్ కరోనాలో ఉన్నా సురబయాలో ఉన్నా ఒకేలా కోస్తుంది.

1952లో వచ్చిన గిబ్సన్ లెస్ పాల్ అలా కాదు. పైన మేపుల్ చెక్క వంపు తిప్పి చెక్కాలి, నెక్‌ని జిగురుతో అతికించాలి, అంచుల చుట్టూ బైండింగ్ వేయాలి, హెడ్‌స్టాక్ వెనక్కి వంగి ఉంటుంది. ప్రతి దగ్గరా చేతి పని. గిబ్సన్ పేరుతో వచ్చే ఎలక్ట్రిక్‌లు నాష్‌విల్‌లోనే తయారవుతాయి. చవక కావాలంటే అదే కంపెనీ ఎపిఫోన్, చైనాలోని చింగ్‌దావ్‌లో ఉన్న సొంత ఫ్యాక్టరీ నుంచి. ఇక్కడ తేడా స్ట్రాట్‌లో కంటే ఎక్కువగా కనిపిస్తుంది. అయినా 2024లో ఎపిఫోన్ అమెరికన్ గిబ్సన్ పికప్‌లు వేసి, గిబ్సన్ మార్కు హెడ్‌స్టాక్ ఆకారం ఇచ్చి పై రకం ఒకటి దించింది. తయారీ చైనాలోనే, ధర మాత్రం మెక్సికన్ ఫెండర్‌ని దాటేసింది.

దేశం అంటే క్వాలిటీ కాదనడానికి ఐబనేజ్ ఇంకా మంచి ఉదాహరణ. వాళ్ల జియో సిరీస్‌లో చాలా మోడల్స్ ఇండోనేషియావి, ప్రీమియం సిరీస్ కూడా ఇండోనేషియాదే. రెండింటి మధ్య ధర నాలుగైదు రెట్లు. దేశం ఒకటే, ఫ్యాక్టరీకి ఇచ్చిన రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ వేరు. చవకగా చేయమంటే చవకగా చేస్తారు, బాగా చేయమంటే బాగా చేస్తారు.

మరి ఏది కొనాలి?

మొత్తం బడ్జెట్ 30 వేల లోపైతే గిటార్‌కే అంతా పెట్టకండి. సోనిక్ లేదా యమహా పసిఫికా ఎంట్రీ మోడల్, దానికి ఒక మంచి సెటప్, మిగతాది ఆంప్‌కి. ఆంప్ కూడా వద్దనుకుంటే ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ తీసుకుని ల్యాప్‌టాప్‌లో న్యూరల్ ఆంప్ మోడలర్ వేసుకోండి, ఓపెన్ సోర్స్, ఫ్రీ. పసిఫికా 112 అయితే నేను కళ్లు మూసుకుని చెప్తా, ఏళ్ల తరబడి నిలబడిన మోడల్. గిటార్‌కే 50 వేలుంటే క్లాసిక్ వైబ్, ఇంకో మాట లేదు. లక్ష దాకా ఉంటే ప్లేయర్ 2 లేదా పీఆర్‌ఎస్ ఎస్‌ఈ రెండూ వాయించి చూడండి. 2 లక్షల అమెరికన్ ఎవరికి? స్టేజ్ మీద సంపాదిస్తున్నవాళ్లకి, పదేళ్లు అదే గిటార్ ఉంచుకునేవాళ్లకి, లేదా కొంటే అదే కొనాలని మనసు పడ్డవాళ్లకి. మూడో కారణం కూడా న్యాయమైనదే, ఈఎంఐ కాకపోతే చాలు.

సెకండ్ హ్యాండ్ అయితే సీరియల్ నంబర్ చూడండి. ఈమధ్య ఫెండర్లలో యూఎస్‌తో మొదలైతే అమెరికా, ఎంఎక్స్ అయితే మెక్సికో, జేడీ అయితే జపాన్, స్క్వైర్ మీద ఐసీఎస్ అంటే ఇండోనేషియా కోర్ట్ ఫ్యాక్టరీ. నంబర్ అతికించడం పెద్ద కష్టం కాదు కాబట్టి అది ఒక్కటే నమ్మకండి. నాలుగు స్క్రూలు విప్పి నెక్ మడమ మీద, పికప్ గూడులో ఉన్న స్టాంపులు చూపించమని అడగండి. నిజంగా అమెరికన్ అమ్ముతున్నవాడు ఒప్పుకుంటాడు. గిబ్సన్, ఎపిఫోన్ అయితే హెడ్‌స్టాక్ వెనక, నట్ కింద లైట్ వేసి చూడండి. కింద పడితే విరిగేది అక్కడే, జిగురుతో అతికి రంగు వేసినా వెంట్రుకంత గీత మిగిలిపోతుంది.